గోరింటకు తోడు

అనగా అనగా, గాలి ఎటు వీస్తే ఓడలు అటు సాగే కాలంలో, తూర్పు సముద్రపు ఒడ్డున వేలాపురి అనే రేవుపట్నం ఉండేది. ఆ పట్నంలో బట్టల వర్తకం చేసే అక్కచెల్లెళ్ళు ఇద్దరుండేవారు. అక్క పేరు చెంగలాంబ. చెల్లెలి పేరు వకుళ.

తండ్రి పోతూ పోతూ ఉన్నదంతా ఇద్దరికీ సమంగా పంచాడు. అంగళ్ళు మాత్రం ఎదురెదురుగా కట్టించాడు. "ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండండి తల్లీ," అన్నాడు.

ఆయన కోరింది ఒకటి, జరిగింది మరొకటి. ఎదురంగడి రోజంతా కళ్ళ ముందే ఉండేసరికి, చెంగలాంబకు తన అంగడి రోజురోజుకూ చిన్నదిగా కనిపించసాగింది.

వకుళ తన గుమ్మంలో జింకల జంటను కట్టేసింది. దారిన పోయే పిల్లలు జింకల్ని చూడడానికి ఆగేవారు. పిల్లల కోసం తల్లులు ఆగేవారు. ఆగిన తల్లులు లోపలికి వెళ్ళేవారు. వెళ్ళినవారిని వకుళ నవ్వుతూ పలకరించి, మంచినీళ్ళిచ్చి, మెల్లగా చీరలు పరిచేది. సరుకు చూస్తే చెంగలాంబ చీరలే ఒక పిసరు మేలు. కానీ జనం ఎదురంగట్లోనే ఎక్కువ. అది చూసినప్పుడల్లా చెంగలాంబ కడుపులో కుంపటి రాజుకునేది. మూరకర్ర పట్టుకుని గుడ్డ కొలుస్తూ, కళ్ళు మాత్రం వీధి అవతలే ఉంచేది.

చెంగలాంబ ఇంట్లో ఒక ఆడపిల్లి ఉంది. మన ఊళ్ళలో తిరిగే నాటుపిల్లే. ఒంటిమీద గోరింటాకు పండినట్టు ఎర్రటి చారలు ఉండేవి కాబట్టి దానికి గోరింట అని పేరు పెట్టింది. గోరింట పరుగు చూడాల్సిందే. దారపుండ కనబడితే దాని వెంట ఇల్లంతా చుట్టివచ్చేది. ఎలుక తోక కదిలితే చాలు, దూలం మీదనుంచి దూకేది. పని లేనప్పుడు చెంగలాంబ భుజమెక్కి కూర్చునేది.

ఆ భుజం తనదేనని గోరింట నమ్మకం. చెంగలాంబ పక్కింటి పసిపిల్లను ఎత్తుకున్నా సరే, వచ్చి మధ్యలో దూరేది. యజమానురాలు ఎలాంటిదో పిల్లీ అలాంటిదే.

ఇలా ఉండగా ఆ ఏడు రాజుగారి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి పట్టుచీర నేయించే పని చెంగలాంబకు వచ్చింది. మిగిలిన రాణివాసపు చీరలు వకుళకు వచ్చాయి. ఇద్దరి కొట్లూ నూలు మూటలతో, పట్టు మూటలతో నిండిపోయాయి. మూటలు వచ్చిన చోటికి ఎలుకలు రాకుండా ఉంటాయా? రేవులోని ఎలుకలన్నీ చెంగలాంబ కొట్లోకి దారి కనుక్కున్నాయి.

గోరింట ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల కొరికేవి. ఆ మూలకు ఉరికితే ఈ మూల కొరికేవి. గోరింట పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయింది.

చెంగలాంబ దాని వీపు నిమిరి, "నీకొక తోడు తెస్తానే," అంది.

"నేను చాలనా అమ్మా?" అంది గోరింట.

"చాలవని కాదే. ఒక్కదానివి ఎన్ని మూలలని కాస్తావు?"

ఆమె చెప్పిందంతా మంచిమాటే. కానీ గోరింట చెవిలో 'చాలవు' అనే ముక్క ఒక్కటే పడింది. మిగతాది పడలేదు.

రేవులో కాసిం అనే సరంగు ఉండేవాడు. ఓడ నడుపుతూ ఏడు సముద్రాలు తిరిగినవాడు. ఏ దేశం వెళ్ళినా అక్కడి పిల్లుల్ని ఓడలో వేసుకుని వచ్చేవాడు. చెంగలాంబ అతని దగ్గరకు వెళ్ళింది.

"ముందు మీ ఇంట్లో ఉన్న పిల్లి ఎలాంటిదో చెప్పండి అమ్మగారూ. దానికి సరిపడేదాన్ని చూద్దాం," అన్నాడు సరంగు.

చెంగలాంబ ఆ మాట వినిపించుకోలేదు. ఆమె చూపు ఓడ అంచున పడుకున్న తెల్లపిల్లి మీద పడింది. దూది పోగేసినట్టు జుట్టు. గుండ్రని మొహం. రాగి రంగు కళ్ళు.

"ఎదురింటి జింకల కంటే ఇది అందంగా ఉందా, లేదా?" అని అడిగింది.

"అందానికేమమ్మా, ఉంది. కానీ ఇది పారశీక దేశపుది. దిండు మీద కూర్చునే జాతి. పరుగులు, దూకుళ్ళు దీనికి పడవు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. రోజూ జుట్టు దువ్వాలి."

"దువ్వుతానులే," అని చెంగలాంబ దాన్ని చంకనెత్తుకుంది.

దానికి మంచుమల్లె అని పేరు పెట్టి, అంగడి ముందు పట్టుదిండు వేసి కూర్చోబెట్టింది. అనుకున్నట్టే వీధి వీధంతా తరలివచ్చింది. జింకల దగ్గర ఒక్క పిల్ల కూడా లేదు. చెంగలాంబకు ఆ పూట అన్నం ఎంతో రుచిగా అనిపించింది.

కానీ ఎలుకల్ని చూస్తే మంచుమల్లె దిండు దిగేది కాదు. గోరింట ఆటకు పిలవబోయి మీదికి దూకితే, బెదిరి మూడు పూటలు తిండి మానేసింది. పైగా పొద్దున్నే దానికి దువ్వెన సేవ. ఇదివరకు ఆ వేళకు గోరింట భుజమెక్కేది. ఇప్పుడు చెంగలాంబ ఒడిలో మంచుమల్లె, చేతిలో దువ్వెన. గోరింట స్తంభం చాటునుంచి చూస్తూ తోక నేలకేసి కొట్టుకునేది.

ఒకనాడు అది మంచుమల్లె దగ్గరకు వెళ్ళి తీయగా మాట్లాడింది. "పెరట్లో తొట్టె ఉంది చూశావా? అందులో మునిగితే జుట్టు పట్టులా మెరుస్తుంది. అమ్మకు ఇంకా ముద్దొస్తావు."

"నిజమా అక్కా?" అంది మంచుమల్లె. దానికి మోసం తెలియదు.

అది అద్దకానికి నీలిమందు కలిపిన తొట్టె. తెల్లగా లోపలికి దిగిన పిల్లి నీలంగా పైకి వచ్చింది. అలాగే తుడుచుకోకుండా వెళ్ళి దిండు మీద కూర్చుంది. వీధంతా కడుపు పట్టుకుని నవ్వింది. చెంగలాంబ తల ఎత్తుకోలేకపోయింది.

వకుళ మాత్రం నవ్వలేదు. వీధి దాటి వచ్చి, "అక్కా, మా అత్తగారు మంచం దిగలేరని నీకు తెలుసుగా. ఆ గదిలో చడీచప్పుడూ ఉండదు. ఈ పిల్లికి అలాంటి చోటే సుఖం. నాకిస్తావా?" అని అడిగింది.

"జింకలు చాలవా నీకు?" అంది చెంగలాంబ. కానీ ఇచ్చేసింది. నీలిపిల్లిని ఇంట్లో పెట్టుకోవడం ఆమెకూ నామోషీగా ఉంది.

మంచుమల్లె ముసలావిడ మంచం మీద హాయిగా ముడుచుకుంది. స్నానాలతో నీలం పోయింది. ఆ ఇంట్లో అది, ఆవిడ ఒకరికొకరు కాలక్షేపం అయ్యారు. చూశారా, పిల్లి చెడ్డది కాదు, చోటు సరిపడలేదంతే.

గోరింట మళ్ళీ భుజమెక్కింది. ఎలుకలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

చెంగలాంబ రెండోసారి రేవుకు వెళ్ళింది. ఈసారి ఆమె మనసులో ఇంకో లెక్క ఉంది. వకుళ మాటలతో జనాన్ని ఆకట్టుకుంటోంది, కాబట్టి నాకు మాటకారి పిల్లి కావాలి అనుకుంది.

"ఉందమ్మా, శ్యామదేశపు పిల్లి," అన్నాడు సరంగు. సన్నటి ఒళ్ళు, నల్లటి ముక్కు, ఆకాశంలాంటి కళ్ళు. చెంగలాంబను చూడగానే అది ఏదో పెద్ద కథ చెప్పినట్టు అరిచింది. "కానీ ఒక మాట వినండి. ఇది పట్టుకున్న మనిషిని వదలదు. ఆ మనిషి దగ్గరకు ఇంకొకరు వస్తే ఊరుకోదు. మీ ఇంటి పిల్లీ ఇలాంటిదే అయితే మాత్రం..."

"ఎలాంటిదైతేనేం, నేను చూసుకుంటాను," అని చెంగలాంబ దాన్నీ తీసుకుంది. దానికి నీలాక్షి అని పేరు.

నీలాక్షి ఇంట్లో అడుగు పెడుతూనే చెంగలాంబ భుజమెక్కింది. గోరింట అదే భుజం ఎక్కబోయింది. ఒక ఒరలో రెండు కత్తులు ఎక్కడైనా ఇముడుతాయా? భుజం మీద యుద్ధం జరిగింది. గీతలు పడింది మాత్రం చెంగలాంబ మెడ మీద. ఒకటి తింటుంటే రెండోది గిన్నె తన్నేది. ఒకటి పడుకుంటే రెండోది తోక కొరికేది. చెంగలాంబ ఒకదాన్ని బుజ్జగిస్తే రెండోది అలిగేది.

గోరింట మళ్ళీ ఎత్తు వేసింది. "అమ్మకు ఈమధ్య చెవులు సరిగ్గా వినబడడం లేదు. గట్టిగా అరిచి చెప్పేవాళ్ళంటేనే ఇష్టం," అంది నీలాక్షితో.

నీలాక్షి నమ్మింది. పెళ్ళిచీర ఎంతవరకు వచ్చిందో చూద్దామని రాజుగారి మంత్రి అంగడికి వచ్చిన వేళ, ఆయన చెవి పక్కనే గొంతు విప్పింది. మంత్రి రెండు చెవులూ మూసుకుని ఎదురంగట్లోకి నడిచాడు. వకుళ ఆయనకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, "పెళ్ళికూతురికి మా అక్క నేయించే చీరే తగినది. రేపు ఇంకోసారి చూసి వెళ్ళండి," అని చెప్పి పంపింది. ఆ సంగతి చెంగలాంబకు తెలియదు. తెలిసినా నమ్మేది కాదు. మంత్రి వకుళ గుమ్మం ఎక్కడం మాత్రం ఆమె కళ్ళారా చూసింది. ఆ కోపమంతా నీలాక్షి మీదికి పోయింది.

"తీసుకుపో దీన్ని," అని సరంగుకు కబురు పెట్టింది.

సరంగు నీలాక్షిని ఓడలోనే ఉంచుకున్నాడు. నడిసముద్రంలో మాట్లాడే తోడు లేక విసిగిపోయే నావికులకు అది వరమైంది. వాళ్ళు ఒక మాట అంటే అది పది మాటలు అనేది. చుక్కాని దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్ళ భుజం దానిదే.

గోరింట రెండోసారి గెలిచింది. అయితే పిల్లులు రెండూ పోట్లాడుకున్నన్నాళ్ళూ ఎలుకలకు పండగ అయింది. అడుగున ఉన్న నూలు మూట విప్పి చూస్తే, లోపలంతా పొట్టు. చెంగలాంబ ఆ పొట్టు దోసిట్లో పట్టుకుని అలాగే కూలబడింది. రేపు ఆ ఎలుకలు పెళ్ళికూతురి పట్టు మీద పడితే?

సంగతి విని వకుళ వచ్చింది. "అక్కా, ఒక మాట చెబితే కోప్పడవుగా," అంది.

"చెప్పు."

"ఇంట్లో ఉన్న పిల్లిని చూసి రెండో పిల్లిని తెచ్చుకోవాలి. నువ్వు ఎదురింటిని చూసి తెచ్చుకుంటున్నావు."

చెంగలాంబ మొహం ఎర్రబడింది. "నీ జింకల సంగతి నువ్వు చూసుకో," అంది.

వకుళ లేచి వెళ్ళిపోయింది. చెల్లెలు వెళ్ళింది గానీ ఆ మాట వెళ్ళలేదు. అరికాలిలో విరిగిన తుమ్మముల్లులా అడుగడుక్కీ కలుక్కుమంటూనే ఉంది.

చెంగలాంబ మూడోసారి రేవుకు వెళ్ళింది. ఈసారి సరంగు అడగకముందే చెప్పింది. "మా ఇంట్లోది నాటుపిల్లి, ఆడది. పరుగంటే ప్రాణం. ఆటంటే ప్రాణం. వేటలో దానికి సాటి లేదు. కానీ నా దగ్గరకు ఎవరినీ రానివ్వదు. ఓర్వలేనితనం ఎక్కువ."

సరంగు గడ్డం నిమురుకుంటూ విన్నాడు. "ఈ మాట కోసమే మొదటినుంచీ చూస్తున్నానమ్మా," అన్నాడు. తాళ్ళ కుప్ప వెనక్కి వెళ్ళి ఒక పెద్ద పోతుపిల్లిని తెచ్చాడు. బూడిదరంగు జుట్టు గుబురుగా ఉంది. ఒక చెవి చిరిగి ఉంది. చూడడానికి ఏమంత బాగాలేదు.

"ఇది ఉత్తరాన మంచు సముద్రాల జాతి. నా ఓడలోనే పుట్టింది. ఆకారం చూసి భయపడకండి, తగవు అంటే ఏమిటో ఎరగదు. ఆటకు పిలిస్తే ఆడుతుంది, పొమ్మంటే పోతుంది. ఒళ్ళో కూర్చోదు, పక్కన కూర్చుంటుంది. మీ గోరింట కోరేది మీ భుజం. ఇది కోరేది ఒక మూల. ఇద్దరికీ పోటీ లేదు."

అంతటితో ఆగకుండా ఇంకో మాట కూడా చెప్పాడు. "వెళ్ళగానే ఎదురెదురుగా వదలకండి. తలుపు వేసి వేరే గదిలో ఉంచండి. దీని పక్కగుడ్డ దానికి, దాని పక్కగుడ్డ దీనికి వేయండి. వాసన అలవాటు కావాలి. తలుపుకు ఇటొక గిన్నె, అటొక గిన్నె పెట్టి అన్నం పెట్టండి. తొందరపడితే మొదటికే మోసం."

చెంగలాంబ ఆ పిల్లికి గుమ్మడి అని పేరు పెట్టి, సరంగు చెప్పినట్టే చేసింది. గోరింట తలుపు కింద సందులోంచి బుస్సుమంది. అవతల గుమ్మడి ఆ బుసలు వింటూనే నిద్రపోయింది. మర్నాడూ బుసలే. ఆ మర్నాడు గోరింటకే విసుగొచ్చి, బుస ఆపి అన్నం తింది. కొన్నాళ్ళకు తలుపు తీస్తే, గుమ్మడి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

అది గోరింట తిన్నాకే తినేది. భుజం వైపు చూసేది కాదు. గోరింట పరుగెడితే తానూ బరువుగా వెంట పరుగెత్తేది, ప్రతిసారీ ఓడిపోయేది. కొట్లో ఎలుకలు తగ్గాయి. గోరింట రోజూ పొద్దున్నే ఎలుకల్ని తెచ్చి చెంగలాంబ కాళ్ళ ముందు పెట్టేది. "బంగారు తల్లివే," అని చెంగలాంబ మెచ్చుకునేది. గుమ్మడి ఒక్క ఎలుకనూ తెచ్చేది కాదు. కొట్టు వెనక గోడ దగ్గర ఎప్పుడూ పడుకునే ఉండేది. 'ఒట్టి సోమరిపోతు' అనుకుంది గోరింట.

ఇక గొడవ లేనట్టే అనుకుంటాం కదా. కానీ అసూయకు కారణం అక్కర్లేదు. కారణం లేకపోతే తానే పుట్టించుకుంటుంది.

ఒక సాయంకాలం చెంగలాంబ కొట్లోంచి వస్తూ వస్తూ వంగి, గుమ్మడి తలమీద చెయ్యి వేసింది. "నువ్వొచ్చాక ఇల్లు నిమ్మళంగా ఉందిరా," అంది. అంతే. ఆ ఒక్క మాటే.

గోరింటకు ఒళ్ళు భగ్గుమంది. ఎలుకలు పట్టేది నేను, మెప్పు వాడికా? ఈరోజు తల నిమిరింది, రేపు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది, ఎల్లుండి నన్నెవరు చూస్తారు? తిండి ముందు కూర్చున్నా అదే ఆలోచన, పడుకున్నా అదే ఆలోచన.

పెళ్ళికూతురి చీర పూర్తయింది. ముందుగదిలో దండెం మీద వేశారు. చిలకపచ్చ పట్టు, అరచేతి వెడల్పున జరీ. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు గోరింట ఆ గదిలోకి దూరింది. గోళ్ళు చాచి చీర కొంగు మీదికి దూకింది. పట్టు చర్రుమని చిరిగింది. తర్వాత గుమ్మడి పడుకునే చోటినుంచి బూడిదరంగు వెంట్రుకలు నోట కరచి తెచ్చి, చిరిగిన కొంగు మీద రాల్చింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో గుమ్మడి నిలబడి ఉంది. అంతా చూసింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

చెంగలాంబ వచ్చి చూసి నిలువునా నీరైపోయింది. పనివాళ్ళు వెంట్రుకలు చూపించారు. ఆమె గుమ్మడిని పిలిపించింది.

"ఇది నీ పనేనా?"

"నేను చింపలేదమ్మా," అంది గుమ్మడి.

"మరి ఎవరు?"

గుమ్మడి నేల చూపులు చూసింది. చెంగలాంబ ఇంకోసారి అడిగింది. అది నోరు విప్పలేదు. గోరింట దూలం మీదనుంచి చూస్తూ కూర్చుంది.

"అయితే వినండి," అంది చెంగలాంబ అందరి ముందు. "ఈ చీర చింపిన పిల్లికి ఈ ఇంట్లో చోటు లేదు. పొద్దుగూకకముందే సరంగు ఓడ దూరదేశం బయలుదేరుతుంది. దాని మీద ఎక్కించండి."

గుమ్మడిని బుట్టలో పెట్టి మూత కట్టేశారు. బుట్టను గడప దగ్గర పెట్టి, బండి కోసం వెళ్ళారు.

గోరింట దూలం దిగి చెంగలాంబ భుజమెక్కబోయింది. ఆమె దాన్ని కిందికి దించేసింది. "ఇక కోట పనులన్నీ వకుళకే. దానికి ఎప్పుడూ కలిసొస్తుంది," అని గొణుక్కుంటూ కళ్ళు తుడుచుకుంది. తాను అనుకున్నట్టు ఏమీ జరగకపోయేసరికి గోరింటకు తోచలేదు. బుట్ట దగ్గరకు వెళ్ళింది. ఏడుస్తున్న గుమ్మడినైనా చూస్తే తృప్తిగా ఉంటుందనుకుంది.

గుమ్మడి ఏడవడం లేదు. బుట్ట సందులోంచి గోరింటను చూసి, "వచ్చావా, మంచిదైంది. ఒక సంగతి చెప్పాలి," అంది. "కొట్టు వెనక గోడలో పెద్ద కలుగు ఉంది. రేవునుంచి ఎలుకలు దానిలోంచే వస్తాయి. నేను దానికి అడ్డంగా పడుకునేవాణ్ణి. పెద్ద గుంపు రాలేకపోయేది. పక్క సందుల్లోంచి ఒకటీ రెండూ దూరితే నువ్వు పట్టేదానివి. ఇకనుంచి నువ్వే అక్కడ పడుకో. లేకపోతే మిగిలిన పట్టు కూడా దక్కదు."

గోరింట నమ్మలేదు. పరుగున కొట్టు వెనక్కి వెళ్ళింది. గోడలో తన తల పట్టేంత కలుగు ఉంది. దాని ముందు నేల, రోజులతరబడి పడుకున్న ఒంటి రాపిడికి నున్నగా అరిగి ఉంది. చూస్తుండగానే కలుగులోంచి ఒక పందికొక్కు మొహం బయటపెట్టింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక బిలబిలమంటూ గుంపు. గోరింట ఒకదాన్ని పట్టుకుంటే మిగిలినవి దాని వీపు మీదినుంచే దూకి లోపలికి పోయాయి. ఒకటి ముందరి కాలు కొరికింది.

గోరింట కుంటుకుంటూ బుట్ట దగ్గరకు తిరిగివచ్చింది.

"ఈ సంగతి అమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"నీకు వేట ఇష్టం. నాకు కాపలా ఇష్టం. ఇందులో చెప్పడానికేముంది?"

"చీర సంగతి? నేను చింపడం చూశావుగా."

"చూశాను," అంది గుమ్మడి. "నేను ఓడలో పుట్టినవాణ్ణి, ఎక్కడున్నా బతుకుతాను. నువ్వు ఈ గడప దాటి ఎరగవు. నీళ్ళ మీద చచ్చిపోతావు."

గోరింటకు వీధి మలుపులో బండి చప్పుడు వినిపించింది. ఊరుకుంటే ఇల్లూ భుజమూ తనవే. మాట్లాడితే ఈ బుట్ట తనది. బండి గుమ్మం ముందు ఆగింది. పనివాళ్ళు బుట్ట ఎత్తారు.

"దించండి," అంది గోరింట. తర్వాత చెంగలాంబ ముందుకు వెళ్ళి నిలబడింది. "అమ్మా, చీర చింపింది నేను. వెంట్రుకలు తెచ్చి వేసిందీ నేనే. గుమ్మడికి తెలుసు, నన్ను పట్టివ్వలేదు. కొట్టు వెనక గోడ కలుగుకు అడ్డంగా పడుకుని ఎలుకల గుంపును ఆపిందీ గుమ్మడే." ముందరి కాలు చాచింది. గోటి సందులో జరీపోగు ఇంకా మెరుస్తూ ఉంది. "మంచుమల్లెను నీలి తొట్టెలోకి దింపింది నేను. నీలాక్షి మంత్రిగారి చెవిలో అరిచేలా చేసింది నేను. నిన్ను ఇంకెవరైనా పంచుకుంటే నేను చూడలేకపోయాను. బుట్టలో నన్ను పెట్టు."

పనివాళ్ళలో పెద్దవాడు, "అయితే గోరింటను ఎక్కించమంటారా అమ్మా?" అని అడిగాడు.

చెంగలాంబ కళ్ళు అలవాటుగా వీధి అవతలికి వెళ్ళాయి. అక్కడ వకుళ ఎవరో ముసలాయనకు పంచె చూపిస్తోంది. చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో చెల్లెలు కూర్చుంటే తాను దాన్ని గిల్లి ఏడిపించిన రోజులు చెంగలాంబకు గుర్తొచ్చాయి.

"వద్దు," అంది చివరికి. "ఓర్వలేనివాళ్ళంతా ఓడెక్కాలంటే ముందు నేను మూట సర్దుకోవాలి. గుమ్మడి కట్లు విప్పండి. గోరింటా, తప్పు తప్పే. పెళ్ళి అయ్యేదాకా నీ పడక కొట్లో, ఆ కలుగు దగ్గర."

"అలాగేనమ్మా," అంది గోరింట.

చెంగలాంబ చిరిగిన చీర మడిచి చేతపట్టుకుని వీధి దాటింది. ఆ గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. "ఇన్నేళ్ళూ నీ మీద కుళ్ళుకున్నానే వకుళా," అంది. "ఇప్పుడు నీ సాయం కావాలి."

వకుళ చీర విప్పి చూసింది. "కొంగు మార్చి నేయాలక్కా. నీ నేతగాళ్ళూ నా నేతగాళ్ళూ కలిసి కూర్చుంటే ముహూర్తానికి అందుతుంది." తల దించుకుని, "నేను కూడా నీ చీరల అంచులు చూసి రాత్రుళ్ళు నిద్రపోయేదాన్ని కాదు. నీకు తెలియదంతే," అంది.

అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం.

చీర ముహూర్తానికి అందింది. చెంగలాంబ దాన్ని రాజుగారి ముందు పెట్టి, చిరిగిన సంగతి, కొంగు మార్చిన సంగతి, చెల్లెలి సాయం, ఏదీ దాచకుండా చెప్పింది.

రాజు కొంగు వేళ్ళతో తడిమి చూశాడు. "అతుకు మా కంటికి ఆనలేదు. మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. దాచగలిగి కూడా దాచనివారిని నమ్మవచ్చు. ఇకమీదట కోట బట్టలన్నీ మీ అక్కచెల్లెళ్ళవే," అన్నాడు.

మరి గోరింట అసూయ పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. పుట్టుకతో వచ్చింది ఒక్క పూటలో పోతుందా? చెంగలాంబ గుమ్మడిని పలకరించినప్పుడు అప్పుడప్పుడు దాని తోక కొస ఇంకా కొట్టుకునేది. కానీ ఇదివరకటిలా స్తంభం చాటుకు పోయేది కాదు. తిన్నగా గుమ్మడి దగ్గరకే వెళ్ళేది.

"ఇవాళ నీ మీద నాకు కుళ్ళుగా ఉంది," అని చెప్పేసేది.

"అలాగా," అనేది గుమ్మడి. "అయితే పరుగు పెడదామా?"

గుణం చూసి తెచ్చుకున్న తోడు ఇంటికి బలం. అసూయను దాచకుండా ఒప్పుకున్న మనసుకే ఆ తోడు దక్కుతుంది.